రొయ్యల కోసం నడుం తిప్పిన పిల్ల

నా చూపు గురించి ముందే చెప్పుకోవాలి, లేకపోతే మీరు నమ్మరు. కోట ఊరి నుంచి సముద్రం దాకా ఉన్న ఊళ్ళన్నిటిలో నాకున్నంత కంటిచూపు మరొకడికి లేదు. పొద్దుగూకే వేళ దూరంగా పడవ పోతుంటే, అందులోవాడు సద్దిలోకి నంజుకుంటున్నది ఎండు నెత్తళ్ళో, ఊరబెట్టిన మామిడికాయో ఇసుకలో నిలబడి చెప్పగలను. కాబట్టి కరుణాకుమారి కథలో జరిగిందంతా నేను కళ్ళారా చూసిందే. ఇక నా సంగతి వదిలేసి ఆ పిల్ల వెంట నడుద్దాం.

కరుణాకుమారి హెబ్రోను కూతురు. హెబ్రోను పెంచలకృష్ణ రొయ్యల గుంటలకు కాపలాదారు. గుంటల కట్ట మీద రేకుల షెడ్డు, అదే వాళ్ళ ఇల్లు. ఒకవైపు జనరేటరు, ఒకవైపు మేత మూటలు, మధ్యలో సంసారం. తల్లి ఆనందకుమారి తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి రొయ్యల తలలు తీసే పనికి పోయి, దీపాలు పెట్టాక ఆ వాసనతోనే తిరిగొచ్చి నడుం వాల్చేది. ఈ కథలో నోరు తెరవడానికి ఆమెకు తీరిక దొరకదు.

పెంచలకృష్ణ గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. వరి పండించినన్నాళ్ళూ ఆయన అందరిలాగే ఆకాశం వైపు చూసేవాడు. పొలం తవ్వి గుంటలు చేసి రొయ్యపిల్లల్ని వదిలాక మనుషుల మొహాల వైపు చూడటం మొదలుపెట్టాడు, ఎవడి దిష్టి తగులుతుందోనని. గుంటల మూలమూలనా బూడిద గుమ్మడికాయలు కట్టించాడు, రాక్షసుడి బొమ్మలు వేలాడదీశాడు. ఆ బొమ్మలకు ఆయన మీసమే పెట్టించాడని కిట్టనివాళ్ళు అంటారు. కిట్టినవాళ్ళెవరూ లేరు కాబట్టి ఊరంతా అంటుంది.

గుమ్మడికాయకు దిష్టి భయపడుతుందేమో కానీ కాకి భయపడదు. రొయ్యల గుంటకు కాకిని మించిన యముడు లేడు. పక్క గుంటలో జబ్బుపడి తేలిన రొయ్యను ముక్కున కరుచుకుని ఎగురుతుంది, సగం తింటుంది, మిగతాది మన గుంటలో జారవిడుస్తుంది. ఇక తెల్లమచ్చ రోగం మన ఇంటి చుట్టం. అందుకని కట్ట మీద కాకుల్ని తోలడానికి ఒక మనిషిని పెడతారు. ఇంటరు తప్పి, మళ్ళీ రాసి, మళ్ళీ తప్పి షెడ్డులో కూర్చున్న కరుణాకుమారికి ఆ ఉద్యోగం దక్కింది. ఆమె జీతం తండ్రి జీతంలోనే కలిసి ఉందని పెంచలకృష్ణ చెప్పాడు. అంటే లేదని అర్థం.

ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ నాలుక పదును. రేకు డబ్బా ఒకటి, వడిసెల ఒకటి ఇచ్చి కట్ట మీద నిలబెడితే, "ఈ డబ్బా కొడితే కాకులు పోవు నాయనా, ఇంకో నాలుగు చుట్టాల్ని పిల్చుకోనొస్తాయి, యాడో పెళ్ళి జరుగుతా ఉండాదని" అంది. నిజంగానే అలాగే అయింది.

గుంట నీళ్ళకు గాలి కొట్టే ఏరియేటర్లకు వేయగా మిగిలిన నల్ల పైపు ముక్కలు షెడ్డు వెనక పడి ఉండేవి. ఎవరో విదేశీ ఆడమనిషి నడుం చుట్టూ చక్రం తిప్పుతుంటే తండ్రి ఫోనులో చూసింది కరుణాకుమారి. ఏమీ తోచని ఒక మధ్యాహ్నం పైపును గుండ్రంగా వంచి, కొసలు కాల్చి అతికించి, నడుముకు తగిలించుకుంది. చక్రం సూటిగా పాదాల మీద పడింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ పడింది. కాకులు కట్ట మీద వరసగా కూర్చుని చూశాయి.

నడుమును గుండ్రంగా తిప్పాలని చూసినన్నాళ్ళూ చక్రం పడుతూనే ఉంది. నడుమును ఊరికే ముందుకూ వెనక్కూ తోస్తే చాలునని, గుండ్రంగా తిరిగే పని చక్రమే చూసుకుంటుందని ఒక పొద్దున ఆమె ఒంటికి తెలిసిపోయింది. ఎవరూ చెప్పలేదు. పైపు పొట్టకు తగిలిన ప్రతిసారీ వెనక్కి తిరిగి పలకరించినట్టుండేది. గుంటలో ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి, సరుగుడు తోపులో గాలి హోరు పెడుతోంది, ఆమె మధ్యలో నిలబడి తిరుగుతున్న చక్రాన్ని వింటోంది. పరీక్ష హాల్లో కానీ, ఈ కట్ట మీద కానీ ఎన్నడూ లేనిది, ఆమెకు తన ఒళ్ళు పనికొచ్చే వస్తువని అనిపించడం అదే మొదలు. అన్నానికి పిలిస్తే పలకలేదు.

పిట్టల్ని బెదిరించడానికి కట్టే మెరుపు రిబ్బను తెచ్చి పైపుకు చుట్టింది. ఎండలో అది తిరుగుతుంటే కోట బస్టాండు దాకా తళుక్కుమందట. కాకులు లేచిపోయాయి. నీటికాకులు, కొంగలు కూడా పోయాయి. ఆ గుంటల మీదికి మళ్ళీ రెక్క వాలలేదు.

హెబ్రోను మాత్రం తల పట్టుకున్నాడు. "ఏమ్మే, ఆడబిడ్డవి కట్ట మీద నిలబడి నడుం తిప్పతావా? చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

"చూసేదానికి ఎవురుండారు నాయనా? కాకులు గూడా పోయినాయి గదా."

ఆ ఏడు తీరమంతా తెల్లమచ్చ వచ్చింది. చుట్టుపక్కల గుంటలన్నీ ఎత్తిపోయాయి. పెంచలకృష్ణ గుంటలు మాత్రం నిలిచాయి, పైగా రొయ్య పెద్ద సైజుకు వచ్చింది. కాకులు వాలలేదు కాబట్టి జబ్బు రాలేదు. ఇంతే సంగతి. కానీ ఇంత చిన్న కారణం అంత పెద్ద మీసానికి ఆనదు.

మేత కంపెనీ ఏజెంటు గిరిబాబు వచ్చి, "మా మేత మహిమన్నా" అన్నాడు.

"నీ మేత పక్క గుంటలో ఏసినోళ్ళు తువ్వాలు నెత్తినేసుకోని కూర్చోనుండారు. ఇది మేత గాదు. ఆ పిల్ల తిప్పినట్టల్లా నీళ్ళల్లో రొయ్య గూడా తిరగతా ఉండాది. తిరిగితే ఆకలి. ఆకలైతే మేత. మేతైతే సైజు" అన్నాడు పెంచలకృష్ణ, తాను అప్పుడే కనిపెట్టిన శాస్త్రానికి తానే ఆశ్చర్యపోతూ.

గిరిబాబు మేత అమ్ముకునేవాడు, శాస్త్రాలతో గొడవ పెట్టుకునేవాడు కాడు. "నేనూ అదే అనబోతా ఉండా అన్నా" అన్నాడు.

ఇక చూడండి. చదువుకున్నవాళ్ళు, కార్లున్నవాళ్ళు, నీటికి పరీక్షలు చేయించేవాళ్ళు, అందరూ పైపు ముక్క ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కుడివైపు తిప్పితే సైజు పెరుగుతుందన్నారు. ఎడమవైపు తిప్పితే పెంకు మెత్తబడుతుందన్నారు. ఈశాన్యం మూల నిలబడి తిప్పాలన్నారు. ఒకాయన తన గుంటకు ఈశాన్యం మూల లేదని, గుంట గుండ్రంగా తవ్వించానని ఏడ్చాడు. చక్రానికి పసుపు రాయమన్నవాళ్ళు ఒకరు, ప్రార్థన చేయించమన్నవాళ్ళు ఒకరు. హెబ్రోను ఎవరినీ కాదనలేదు. పాదిరిగారి చేత ప్రార్థన చేయించి తెచ్చి, పసుపు రాసేవాళ్ళ చేతికిచ్చాడు.

అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటి: చక్రం కింద పడకూడదు. పడిందా, ఆ గుంట పోయినట్టే.

నిన్నటిదాకా సిగ్గుతో తల దించుకున్న హెబ్రోను ఇప్పుడు తెల్ల చొక్కా తొడిగాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టాడు. తన పేరుతో కార్డులు అచ్చు వేయించాడు. ఎవరైనా ఫోను చేస్తే మూడో ఇంటికి వినబడేలా, "పాపకు డేట్స్ లేవన్నా, వచ్చే పున్నమి దాకా ఫుల్లు" అనేవాడు. కట్ట మీద కూతురు తిప్పుతుంటే పక్కన గొడుగు కింద కుర్చీ వేసుకుని, తానే తిప్పుతున్నంత అలసటగా తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు.

కరుణాకుమారికి ఇదంతా కొన్నాళ్ళు నవ్వులాటగా ఉంది. తర్వాత ఒళ్ళుమంట మొదలైంది. ఆమె నేర్చుకోవడం ఆపలేదు. మెడ మీద తిప్పింది, మోచేతి మీద, మోకాలి మీద, పైకి విసిరి నడుముతో అందుకుంది, ఒక చక్రం మీద ఇంకో చక్రం ఎక్కించింది. కానీ ఎవరి కోసం? గుంటల యజమానులు ఆమె వైపు చూడరు, నీళ్ళ వైపు చూస్తారు. రొయ్యలు అసలే చూడవు.

"ఎంత తిప్పినా ఒక్కడు గూడా బాగుందనడం లేదే నాయనా" అంది ఒకరోజు.

"బాగుండేదేందమ్మే? సైజు ఎంతొచ్చిందో అడగతా ఉండారు గదా, చాలదా?"

చాలదు. ఆమెకు కావలసింది మనుషులు. తిరుగుతున్నదాన్ని చూసి నోరు తెరిచే మనుషులు. ఆ మాట తండ్రికి చెప్పడం, జనరేటరుకు చెప్పడం ఒకటేనని అర్థమై ఊరుకుంది.

ఇంతలో గిరిబాబు ఆమె తిప్పుతుంటే ఫోనులో వీడియో తీసి, కింద తన మేత పేరు రాసి లోకం మీదికి వదిలాడు. రొయ్యల రైతులు మేత ధర అడిగారు. ఒక్క మనిషి మాత్రం పిల్ల ఎవరని అడిగింది. ఆమె పేరు రేవతి.

రేవతి చిన్నతనం నుంచీ సర్కస్ డేరాల్లో పెరిగిన మనిషి. ఊయల మీద నుంచి ఊయల మీదికి ఎగిరి, సైకిలు మీద పిరమిడ్డు కట్టి, డేరాలు ఒక్కొక్కటే మూతపడుతుంటే సొంతంగా చిన్న బృందాన్ని పెట్టుకుంది. బీచి రిసార్టుల్లో, బడుల్లో, పెద్దింటి వేడుకల్లో ఆటలు ఆడతారు. నాయుడుపేటలో హైవే పక్కన పాడుబడిన బియ్యం మిల్లు గోడౌనులో సాధన చేస్తారు. "ఒకసారి వచ్చి కనబడు" అంది ఫోనులో. తండ్రికి కళ్ళ డాక్టరని చెప్పి బస్సెక్కింది కరుణాకుమారి.

గోడౌనులో ఒకడు చేతుల మీద నడుస్తూ చాయ్ తాగడానికి ప్రయత్నిస్తున్నాడు. ఒక అమ్మాయి గుడ్డ పట్టుకుని దూలం నుంచి తలకిందులుగా వేలాడుతూ ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. కరుణాకుమారికి సొంత ఊరికి వచ్చినట్టయింది. తెచ్చుకున్న చక్రాలన్నీ ఒంటికి ఎక్కించి, వచ్చిందంతా చేసి చూపింది. ఒక్కటి కూడా పడలేదు.

రేవతి శెనక్కాయలు ఒలుచుకుంటూ చూసి, పొట్టు ఊది, "అయిపోయిందా?" అంది.

"అయిపోయిందక్కా."

"నడుం బాగా తిరగతా ఉండాది. మా ఇంట్లో పంకా గూడా బాగానే తిరగతాది. దాన్ని చూసేదానికి ఎవురన్నా టికెట్టు కొంటారా?"

కరుణాకుమారి మొహం ఎర్రబడింది. "ఒక్కటన్నా పడిందా అక్కా?"

"అదే నీ జబ్బు. పడేస్తే గదా, అయ్యో అంటారు. అయ్యో అంటే గదా, మళ్ళా ఎత్తినప్పుడు చప్పట్లు కొడతారు. సర్కస్‌లో అందరికన్నా పనోడు ఎవురనుకున్నావు? జోకరు. వాడు పడినట్టు ఎవురూ పడలేరు. యాదీ, నడుం మీదది కింద పడెయ్ చూద్దాం."

కరుణాకుమారి నవ్వి, సరేనని పడేయబోయింది. పడలేదు. చక్రం మోకాళ్ళ దాకా జారగానే మోకాళ్ళు వాటంతట అవే దాన్ని అందుకుని పైకి తోశాయి. రెండోసారీ అంతే. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి చూసింది. ఆమె చెప్పినా ఒళ్ళు వినలేదు. పడిందా గుంట పోయినట్టేనని పెంచలకృష్ణా ఆయన బలగమూ నేర్పిన పాఠం ఎముకల్లో దిగబడిపోయింది.

"నిన్ను ఎవురో బాగా భయపెట్టినార్రా తల్లీ" అంది రేవతి, ఈసారి ఎగతాళి లేకుండా. "మాకు మైపాడు బీచిలో ఆట ఉండాది. ఆ పొద్దు మీ కోట మీదుగానే పోతాం. అప్పటికి పడేయడం నేర్చుకున్నావా, ఎక్కు బండి. లేకుంటే నీకు ఆ రొయ్యలే మేలు."

కరుణాకుమారి తిరిగి వచ్చి తండ్రికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. హెబ్రోను కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "సర్కసా? నువ్వు పోతే ఈ కట్టలన్నీ ఏం గావాల? నిన్ను నమ్ముకోని ఎంత మంది ఉండారు!"

కాపలాదారు గొంతు పెంచలకృష్ణ చెవిన పడనే పడింది. ఆయన షెడ్డు ముందుకు వచ్చి మీసం దువ్వుకుంటూ అన్నాడు: "పోనీలే హెబ్రోనూ, పిల్ల ఇష్టం. అది సర్కస్‌కి పోయిన పొద్దు నువ్వు గూడా చట్టీ, కుండా సర్దుకోని పో. షెడ్డు ఖాళీ గావాల."

ఆ రోజంతా కరుణాకుమారి కట్ట మీద ఆలోచిస్తూనే తిప్పింది. తాను వెళ్ళిపోతే తండ్రికి గూడు పోతుంది. వాళ్ళే తరిమితే? చక్రం పడితే అపశకునం, అపశకునాన్ని కట్ట మీద ఉంచరు. అపశకునం తనది కాబట్టి తననే తరుముతారు. ఇంత చవగ్గా దొరికిన కాపలాదారును మాత్రం తరమరు, దోమతెర లేకుండా ఆ షెడ్డులో ఇంకెవడు పడుకుంటాడు? అంటే ఇటు తరిమించుకోవడానికీ, అటు బండెక్కడానికీ ఒకటే దారి. పడేయాలి. ఆ ఒక్కటే ఆమెకు చేతకావడం లేదు. షెడ్డు వెనక ఎంత సాధన చేసినా ఒళ్ళు మొండికేసింది.

రేవతి బండి వచ్చే రోజునే పెంచలకృష్ణ పెద్ద గుంటలో వలేసి రొయ్యను తీసే పట్టుబడి పెట్టుకున్నాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. అంతా కళ్ళారా చూశానని మొదట్లో ఒక మాట అన్నాను. పట్టుబడి రోజున నేను బుచ్చిరెడ్డిపాలెంలో మా మేనల్లుడింట్లో, కంటికి శుక్లం ఆపరేషను చేయించుకుని, పచ్చగుడ్డ కట్టుకుని పడుకుని ఉన్నాను. రెండో కంటికి వంతు ఇంకా రాలేదు. దానికి పడవ సంగతి అటుంచి, పళ్ళెంలో ముద్ద కూడా సరిగా కనబడేది కాదు. కాబట్టి ఇక్కడినుంచి చెప్పేది వల లాగిన కూలీలు చెప్పింది. తలా ఒక రకంగా చెప్పారు. నాకు నచ్చినట్టు చెప్పినవాడి మాటే నమ్మాను.

షామియానా వేశారు. ఐసు లారీలు వచ్చాయి. చుట్టుపక్కల గుంటలవాళ్ళందరూ బిరియానీ వాసనకు వచ్చి, శాస్త్రం చూడటానికి వచ్చామన్నారు. కూలీలు మొలలోతు నీళ్ళలో దిగి వల పట్టుకున్నారు. ఈశాన్యం మూల కొత్తగా కట్టించిన దిమ్మె మీద కరుణాకుమారి నిలబడి తిప్పడం మొదలుపెట్టింది. పక్కన కుర్చీలో హెబ్రోను చెమట తుడుచుకుంటున్నాడు. సరుగుడు తోపు దగ్గర రంగుల వ్యాను ఒకటి వచ్చి ఆగింది. రేవతి దిగి, చెట్టుకు ఆనుకుని, శెనక్కాయలు తీసింది.

కరుణాకుమారి నడుం సడలించింది. చక్రం జారింది, మోకాళ్ళు అందుకున్నాయి. మళ్ళీ జార్చింది, మళ్ళీ అందుకున్నాయి. వల సగం దాటింది. ఇక వ్యాను వెళ్ళిపోతుంది, ఈ దిమ్మె మీదే తన జుట్టు నెరుస్తుంది అనుకుంటూ తలెత్తి చూసింది.

ఎదురుగా పెంచలకృష్ణ. కళ్ళు సగం మూసుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని, చక్రంతో పాటు తల తిప్పుతున్నాడు. కుడివైపే. ఎక్కడ ఎడమకు తిరుగుతుందోనని మెడ బిగబట్టి మరీ తిప్పుతున్నాడు. ఆయన వెనక గిరిబాబు, ఆయన తిప్పుతున్నాడు కాబట్టి తానూ తిప్పుతున్నాడు. వాళ్ళ వెనక కార్లున్న పెద్దమనుషులు వరసగా మెడలు తిప్పుతున్నారు. ఇన్నాళ్ళూ తాను నడుం మీదే ధ్యాస పెట్టి వీళ్ళ మొహాలు సరిగా చూడలేదు. వీళ్ళకా తాను భయపడింది?

కరుణాకుమారికి నవ్వొచ్చింది. పొట్టలో మొదలై పైకి తన్నుకొచ్చింది. నవ్వుకు పొట్ట వదులైంది, మోకాళ్ళు వదులయ్యాయి. చక్రం టప్పున దిమ్మె మీద పడింది.

తిరుగుతున్న మెడలన్నీ కుడివైపే ఆగిపోయాయి.

"పాయె!" పెంచలకృష్ణ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "పాయెరా దేవుడా! నా గుంట పాయె!"

కరుణాకుమారి కూడా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. నోరు అంతే తెరిచింది, లేని మీసం వణికించింది. నీళ్ళలో వల పట్టుకున్న కూలీ ఒకడు కిసుక్కుమన్నాడు. పక్కవాడు ఆపుకోలేకపోయాడు. వల వదిలితే రొయ్య పోతుంది, వదలకపోతే నవ్వు ఆగదు. వాళ్ళ పాట్లు చూసి కట్ట మీద ఉన్నవాళ్ళు నవ్వారు.

"ఎత్తు మే! ఎత్తి తిప్పు! కుడికి!" అని అరిచాడు పెంచలకృష్ణ.

ఆమె ఎత్తింది. కుడికి తిప్పబోయి, ఏది కుడో తెలియనట్టు తికమకపడి, చేతికి గాజులు చూసుకుని, గడియారం చూసుకుని, ఈశాన్యం కోసం ఆకాశమంతా వెతికి, చక్రాన్ని పాదాల మీద వేసుకుని కుంటింది. ఇంకో చక్రం ఎత్తి, మేత తిన్నాయో లేదో చూడటానికి గిరిబాబు గుంటలోంచి ఎత్తే పళ్ళెంలాగా పట్టుకుని, వాడిలాగే కళ్ళద్దాలు సర్దుకున్నట్టు నటించి, లేని రొయ్యను ముద్దు పెట్టుకుని, "నేనూ అదే అనబోతా ఉండా అన్నా" అంది. అచ్చం వాడి గొంతే. తర్వాత లేని కుర్చీలో కూలబడినట్టు దిమ్మె మీద చతికిలబడి, చక్రాన్ని చెవికి ఫోనులా ఆనించి, లేని చెమట తుడుచుకుంటూ, "డేట్స్ లేవన్నా, పున్నమి దాకా ఫుల్లు" అంది. ప్రతిసారీ చక్రం పడింది, ప్రతిసారీ ఒక్కో రకంగా పడింది. జనం కడుపులు పట్టుకున్నారు. బిరియానీ వడ్డించేవాడు గరిటె గాల్లో పట్టుకుని వడ్డించడం మరిచాడు. తోపు దగ్గర రేవతి ఒలిచిన శెనక్కాయను నోట్లో వేసుకోకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

చివరి చక్రాన్ని ఆమె ఆకాశంలోకి విసిరింది. అది మెరుస్తూ పైకి పోయి, గాలికి వాలి, తిన్నగా వచ్చి పెంచలకృష్ణ మెడలో పూలదండలాగా పడింది.

ఆయన మొహం ఉడికించిన రొయ్య రంగుకు వచ్చింది. "దిగు! నా కట్ట దిగు! మళ్ళా ఈ గట్టు మీద నీ నీడ కనబడిందా... హెబ్రోనూ, ఈ శనిని పంపిచ్చెయ్! ఈ పొద్దే!"

"నేను గూడా పోవాల్నా అన్నా?" అన్నాడు హెబ్రోను కుర్చీలోంచి లేచి.

"నువ్వు పోతే రాత్రికి ఏరియేటర్లు మీ తాత ఏస్తాడా? కూర్చో!"

కరుణాకుమారి దిమ్మె దిగి తోపు వైపు నడిచింది. రేవతి వ్యాను తలుపు తీసింది. అంతలో హెబ్రోను రొప్పుతూ వచ్చాడు, కట్ట మీద మిగిలిన చక్రాలన్నీ భుజానికి తగిలించుకుని.

"నన్ను గూడా చేసినావు గదమ్మే, నలుగుర్లో."

ఆమె తల దించుకుంది. "కోపమొచ్చిందా నాయనా?"

"మొదట నేను గాదనుకున్నా. ఎవుడో తిక్కనాయాలు అనుకోని అందరికన్నా నేనే గెట్టిగా నవ్వినా." చక్రాలు వ్యానులో పెట్టి, కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. "బాగుండాది మే. బలే ఉండాది."

తండ్రి రొయ్య సైజు గురించి చెప్పిన రోజునే ఆమె వినాలనుకున్న మాట అది. వ్యాను కదిలాక కూడా కాసేపు నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేకపోయింది.

పట్టుబడి ఎలా వచ్చిందంటారా? ఎప్పటికన్నా బాగా వచ్చింది. చక్రం తిరిగినా పడినా రొయ్యకు ఒకటే, దానికి కావలసింది మేత, గాలి. కానీ పెంచలకృష్ణ లాంటి మేధావి అంతటితో ఊరుకుంటాడా? సాయంత్రానికల్లా కొత్త శాస్త్రం కనిపెట్టాడు. సైజు వచ్చింది తిప్పినందుకు కాదు, పడేసినందుకు! ఇన్నాళ్ళూ పడకుండా తిప్పించి నష్టపోయామని తెల్లారేసరికి మైపాడుకు మనిషిని పంపించాడు, వచ్చి పడేసి పొమ్మని. రేవతి వాడికి ఆటకు టికెట్టు అమ్మి లోపల కూర్చోబెట్టింది. వాడు ఆట అయ్యేదాకా చూసి, వచ్చిన పని మరిచి, తిరిగొచ్చి ఆట బాగుందన్నాడు.

ఇక వేరే దారి లేక ఆ పని హెబ్రోనుకు ఇచ్చారు. ఆయనకు శిక్షణ అక్కరలేకపోయింది. ఆయన పొట్టకు తగిలించిన చక్రం వదలగానే పడుతుంది, ఒక్కసారి కూడా తప్పిపోదు. ఇప్పటికీ కట్టల మీద ఆయనకు డేట్స్ ఖాళీ లేవు. మొన్న ఒక గుంటకు జబ్బు తగిలితే, సరిగ్గా పడేయలేదని ఆయన్ను తిట్టారు. కాకుల్ని తోలే మనిషిని పెట్టుకోవాలని ఇప్పటికీ ఒక్కడికీ తోచలేదు.

కరుణాకుమారి రేవతి బృందంతో ఊళ్ళు తిరుగుతోంది. విశాఖలో ఆడింది, పాండిచ్చేరిలో ఆడింది, బడిపిల్లలకు చక్రం నేర్పుతోంది. ఆమె ఆటల్లో రొయ్యల షావుకారు ఆట అన్నిటికన్నా పేరు పడింది. పోయిన వేసవిలో కోటలో ఆడినప్పుడు పెంచలకృష్ణ ముందు వరసలో కూర్చున్నాడు. షావుకారు నెత్తిన చేతులు పెట్టుకుని "పాయె" అనగానే అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆయనే. పక్కవాడి తొడ చరిచి, "అచ్చం మన గిరిబాబే గదరా!" అన్నాడట. పక్కన కూర్చున్నవాడు గిరిబాబు.

"నేనూ అదే అనబోతా ఉండా అన్నా" అన్నాడు.

ఇందులో మీరు నమ్మలేనివన్నీ నిజాలే, వెళ్ళి అడగండి. నేను కల్పించింది ఒక్కటే. ఆ చివరి చక్రం పెంచలకృష్ణ మెడలో పడలేదు. కట్ట కింద బురదలో పడి, దొర్లుకుంటూ పోయి ఆయన చెప్పుల దగ్గర ఆగిందని కూలీలందరూ ఒకే మాటగా చెప్పారు. కానీ అంత లావు మెడ అక్కడ ఊరికే నిలబడి ఉంటే, చక్రాన్ని చెప్పుల దగ్గర ఆపడానికి నాకు మనసొప్పలేదు.